నాచు కణానికి నడికట్టు

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చదివిన వాళ్ళందరికీ థిన్ సిలిండర్ లెక్క గుర్తుండే ఉంటుంది. పల్చటి గొట్టం, లోపల పీడనం. గోడ మీద రెండు స్ట్రెస్‌లు: చుట్టుకొలత వెంట లాగేది హూప్ స్ట్రెస్, పొడవు వెంట లాగేది లాంగిట్యూడినల్ స్ట్రెస్. మొదటిది రెండోదానికి సరిగ్గా రెట్టింపు. అందుకే పైపు పగిలితే మామూలుగా నిలువునా చీలుతుంది, అడ్డంగా తెగదు. నేను కూడా మీలాగే పరీక్షలో ఆ డెరివేషన్ రాసేసి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోయాను. అది మళ్ళీ గుర్తొచ్చింది ఒక నాచుమొక్కను చూశాక. ఈ వ్యాసం ఆ నాచుమొక్క గురించే.

మన క్లబ్‌లో చాలామందికి తెలుసు, నేనుండేది మన్సూరాబాద్‌లో. మెకానికల్ వాణ్ణి. బయాలజీకి ఇంటర్‌లో చేరేముందే దండం పెట్టేశాను. కానీ పోయిన సెమిస్టర్ సెలవుల్లో మా రూమ్మేట్ దగ్గర ఒక ఫోల్డ్‌స్కోప్ దొరికింది. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే మను ప్రకాశ్ బృందం తయారుచేసిన అట్ట మైక్రోస్కోప్ అది. కాగితంలా మడతపెట్టి, చిన్న గాజుపూసలాంటి లెన్స్ పెట్టి, ఫోన్ కెమెరాకి తగిలించుకోవచ్చు. 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. ఆదివారం పొద్దున ఏం తోచక పెద్ద చెరువు గట్టు మీదికి వెళ్ళి, ఖాళీ వాటర్ బాటిల్లో ఆకుపచ్చ నీళ్ళు పట్టుకొచ్చాం. చుక్క తీసి చూశాం.

ఫోన్ తెర మీద ఆకుపచ్చటి జీవి ఒకటి ఈదుకుంటూ వచ్చింది. కదురులాగా రెండు కొసలా సన్నం. తెర మధ్యకి వచ్చి ఆగింది. ఆగి, గుండ్రంగా ముడుచుకుంది. మళ్ళీ సాగింది. ఈసారి ముందువైపు లావు, వెనక సన్నం. ఆ లావు మెల్లగా వెనక్కి జారింది, కొండచిలువ మేకను మింగినప్పటిలా. మా రూమ్మేట్ "ఏందిరా ఇది, దీనికో షేప్ లేదా?" అన్నాడు. దాని పేరు యూగ్లీనా. సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న నీళ్ళంటే దానికి ఇష్టం. నగరం మధ్య చెరువుల్లో అది కనిపించడంలో ఆశ్చర్యమేం లేదు. ఆశ్చర్యం దాని ఒంటి తీరు. దానికి మొక్క కణాలకున్నట్టు సెల్యులోజ్ గోడ లేదు. పైపొర కింద మెలికలుగా చుట్టుకున్న ప్రోటీన్ పట్టీలుంటాయి. ఒక పట్టీ పక్కదానిమీద జారుతుంది, మన షాపుల రోలింగ్ షట్టర్ పలకల్లాగా. ఆ పట్టీల కిందే, వాటి వెంటే, సన్నటి గొట్టాలు వరుసగా పరుచుకుని ఉంటాయి. వాటి పేరు మైక్రోట్యూబ్యూల్స్.

కణంలో ఇలాంటి పోగులన్నిటినీ కలిపి సైటోస్కెలిటన్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల భాషలో కణ అస్థిపంజరం. నా మట్టుకు ఈ పేరు మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. అస్థిపంజరమంటే ఒకసారి ఏర్పడ్డాక ఏళ్ళతరబడి ఉండేదనుకుంటాం. ఇది అలా కాదు. మైక్రోట్యూబ్యూల్ అంటే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ ఇటుకలతో కట్టిన బోలు గొట్టం. సాధారణంగా 13 వరుసల ఇటుకలు గుండ్రంగా చేరితే ఒక గొట్టం. దాని వ్యాసం 25 నానోమీటర్లు. మూడు వేల గొట్టాలు పక్కపక్కన పెడితే ఒక తలవెంట్రుక మందం వస్తుంది. దీని కొస నిమిషాలపాటు పెరుగుతూ పోతుంది, ఉన్నట్టుండి కూలిపోతుంది, మళ్ళీ పెరుగుతుంది. 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అనే ఇద్దరు ఈ గుణాన్ని కనిపెట్టి డైనమిక్ ఇన్‌స్టెబిలిటీ అని పేరు పెట్టారు. రెండో రకం పోగు యాక్టిన్. అది ఇంకా సన్నం, 7 నానోమీటర్లు. అదీ అంతే, కట్టుకుంటూ విప్పుకుంటూ ఉంటుంది. కాబట్టి ఎముకలకన్నా స్లాబ్ వేసేటప్పటి సెంట్రింగ్‌తో పోలిస్తే దగ్గరగా ఉంటుంది. పని ఉన్నచోట కడతారు, పనయ్యాక ఊడదీసి ఇంకోచోటికి పట్టుకెళ్తారు.

యూగ్లీనాకి గోడ లేదు కాబట్టి ఎలాగైనా వంగుతుంది, సరే. కానీ నాచుల్లో ఎక్కువ వాటికి గట్టి గోడ ఉంటుంది. గోడలో బందీ అయిన కణం తన ఆకారాన్ని ఎలా ఎంచుకుంటుంది? దీనికి జవాబిచ్చిన నాచుల్లో ముఖ్యమైనవి నైటెల్లా, కారా అనే అక్కాచెల్లెళ్ళు. కారా కోసం మన్సూరాబాద్ చుట్టుపక్కల వెతికాను, దొరకలేదు. దానికి వెలుగు అడుగుదాకా దిగే తేట నీళ్ళు కావాలి. హైదరాబాద్ నీళ్ళలో నాచుల మీద మంచి పరిశోధనల చరిత్రే ఉంది. 1967లో ఎ.ఆర్. జాఫర్ ఇక్కడి చేపల చెరువుల్లోని నాచుల మీద, 1969లో వి. వెంకటేశ్వర్లు మూసీ నాచుల మీద మురుగు ప్రభావం గురించి రాసిన వ్యాసాలు 'హైడ్రోబయాలజియా' అనే అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. మన మూసీ పేరు అంతర్జాతీయ పత్రిక కెక్కడం అప్పటికే జరిగిందన్నమాట, కాకపోతే కారణం మురుగు.

కారా నాకు దొరికింది మా ఊళ్ళో. మాది సాగర్ ఎడమ కాల్వ కింద పొలం. వరి మడిలో నీళ్ళు నిలిచినచోట అడుగున జడల్లాగా పెరిగి ఉంటుంది. పట్టుకుంటే గరగరలాడుతుంది, ఒంటినిండా సున్నం పేరుకుంటుంది కాబట్టి. నలిపితే వెల్లుల్లిలాంటి వాసన. నేను మోకాళ్ళ లోతు బురదలో దిగి సీసాలోకి ఎత్తుతుంటే మా నాయిన గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"ఏందిరా, నాచు తీస్కపోతున్నవా పట్నం?"

"ప్రాజెక్టు కాదు నాయినా, ఊకనే సూద్దామని."

"మంది మైలుతుత్తం మూట గట్టి మడిల పెట్టి సంపుతుంటే, నువ్వు సీసల వెట్టి సాదుతవా? సాదు బిడ్డా, సాదు."

ఆ జడలో ఒక్కో గణుపుకూ గణుపుకూ మధ్య ఉన్న పొడవాటి ముక్క ఏంటో తెలుసా? ఒకే ఒక్క కణం. మామూలుగా కణమంటే మైక్రోస్కోప్‌లో చూడాల్సిందే. ఇక్కడ సెంటీమీటర్ల పొడవున, స్కేలు పెట్టి కొలిచేలా ఉంటుంది. కొన్ని జాతుల్లో పది సెంటీమీటర్లు దాటుతుంది. దాని లోపల ఉప్పులూ చక్కెరలూ కలిసిన చిక్కటి నీళ్ళు. బయట పల్చటి మడి నీళ్ళు. ఆస్మాసిస్ వల్ల నీళ్ళు లోపలికి తోసుకొస్తూనే ఉంటాయి, గోడ ఆపుతూనే ఉంటుంది. దీంతో లోపల సుమారు 0.5 మెగాపాస్కల్ పీడనం నిలబడుతుంది. ఆటోనగర్‌లో టైర్ల షాపువాడు కారు టైరుకి పట్టే గాలి ఇందులో సగం కూడా ఉండదు. ఇప్పుడు లెక్క వేద్దాం. వ్యాసార్థం 0.25 మిల్లీమీటర్లు, గోడ మందం 5 మైక్రాన్లు అనుకోండి. హూప్ స్ట్రెస్ అంటే పీడనాన్ని వ్యాసార్థంతో గుణించి మందంతో భాగించడమే కదా, 25 మెగాపాస్కల్ వస్తుంది. సివిల్ మిత్రులు వెంటనే పట్టేస్తారు: ఎం-25 కాంక్రీటు క్యూబుని నలిపి పరీక్ష చేసే అంకె ఇదే. ఇక్కడేమో నాచు గోడ అంతే స్ట్రెస్‌ని సాగదీతలో మోస్తోంది. కాంక్రీటు సాగదీతలో ఎంత బలహీనమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడే అసలు చిక్కు. పొడవు వెంట స్ట్రెస్ 12.5 మాత్రమే. చుట్టూ 25. గోడ అన్నివైపులా ఒకే గుణంతో ఉంటే కణం లావెక్కాలి. పుచ్చకాయలా గుండ్రంగా తయారవ్వాలి. కానీ కారా, నైటెల్లా కణాలు అలా చెయ్యవు. లావు కొద్దికొద్దిగా పెరుగుతుంటే పొడవు దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంటే గోడ అడ్డంగా గట్టిగా, నిలువుగా మెత్తగా ఉందన్నమాట. పోలరైజ్డ్ వెలుగులో చూస్తే కారణం తెలుస్తుంది. గోడలోని సెల్యులోజ్ పోగులు ఎక్కువగా అడ్డంగా, చుట్టూ తిరిగి ఉంటాయి. చెక్క పీపాకి ఇనుప పట్టీలు వేసినట్టు. కాలమ్ ఊచలకి మేస్త్రీలు కట్టే రింగుల్లాగా. గోడని నెట్టే బలం నీళ్ళది. ఎటు పెరగాలో నిర్ణయించేది మాత్రం గోడ ఎటు లొంగుతుందన్నది. నీళ్ళ పీడనానికి దిక్కు లేదు, అన్నివైపులా ఒకటే. దిక్కు ఇచ్చేది ఆ నడికట్లే.

మరి ఆ నడికట్లను అడ్డంగానే వెయ్యమని ఎవరు చెప్పారు? గోడ బయట ఉంటుంది, కణం లోపల ఉంటుంది. మధ్యలో ఒక పల్చటి పొర. లోపలివాడు బయట ఇనుప కట్లు ఎలా కట్టిస్తాడు?

1962లో పాల్ గ్రీన్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త నైటెల్లా మీద ఒక ప్రయోగం చేసి 'సైన్స్' పత్రికలో ప్రచురించాడు. పెరుగుతున్న నైటెల్లాని కాల్చిసిన్ కలిపిన నీళ్ళలో ఉంచాడు. కాల్చిసిన్ గురించి అప్పటికే తెలిసిన సంగతి: అది కణ విభజనలో క్రోమోజోములను లాగే కదురు పోగులను కరిగించేస్తుంది. కానీ ఆ పొడవాటి గణుపు కణం విభజన చెందదు. దానికి ఆ మందుతో ఏ పనీ ఉండకూడదు. అయినా ఏమైంది? కణాలు పొడవు పెరగడం మానేసి లావెక్కాయి. కొత్తగా వేసుకున్న గోడలో సెల్యులోజ్ పోగులకు ఒక వరుస అంటూ లేకుండా పోయింది. పీడనం అలాగే ఉంది, పెరుగుదలా ఉంది, పోయింది దిక్కు మాత్రమే. దీన్నిబట్టి గ్రీన్ ఒక ఊహ చేశాడు. విభజన లేని కణంలో కూడా, గోడకి లోపలివైపు, కదురు పోగుల్లాంటివేవో అడ్డంగా పరుచుకుని ఉండాలి. సెల్యులోజ్‌కి వరుస నేర్పేది అవే అయ్యుండాలి. ఆ పోగుల్ని అతను చూడలేదు. అప్పటికి మొక్క కణాల్లో గోడ పక్కన వాటిని ఎవ్వరూ చూడలేదు. ఒక నాచు ఉబ్బిన తీరు చూసి లోపల ఏముండాలో చెప్పాడు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. మనం ఫెయిల్యూర్ అనాలిసిస్ అంటాం చూడండి, అచ్చంగా అదే.

మరుసటి ఏడాదే, 1963లో, లెడ్‌బెటర్, పోర్టర్ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఆ గొట్టాలను చూశారు. అంతకుముందు కణాలను పరీక్షకి సిద్ధం చేసే పద్ధతిలోనే మైక్రోట్యూబ్యూల్స్ కరిగిపోయేవి. గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో కణాన్ని గట్టిపరచడం మొదలుపెట్టాక అవి మిగిలాయి. గోడకి ఆనుకుని, పొరకి లోపలివైపు, వరుసగా. గోడలో సెల్యులోజ్ ఎటు ఉంటే ఇవీ అటే. మైక్రోట్యూబ్యూల్ అనే పేరు మొక్కల విషయంలో స్థిరపడింది ఆ వ్యాసంతోనే.

పక్కపక్కన ఒకే దిక్కున ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకోదాన్ని నడిపిస్తోందని రుజువు కాదు. ఆ రుజువుకి ఇంకో 43 ఏళ్ళు పట్టింది. సెల్యులోజ్‌ని తయారుచేసే ఎంజైమ్ సముదాయం కణం పొరలోనే ఇమిడి ఉంటుంది. లోపలినుంచి చక్కెర తీసుకుంటూ బయటికి సెల్యులోజ్ పోగు వదులుతూ ముందుకి కదులుతుంది. సాలెపురుగు దారం వదులుతూ పోయినట్టు. 2006లో పరెడెజ్, సోమర్‌విల్, ఎర్హార్ట్ అనే ముగ్గురు ఆ ఎంజైముకి ఒక రంగు, మైక్రోట్యూబ్యూల్స్‌కి ఇంకో రంగు మెరిసేలా చేసి బతికున్న కణంలో వీడియో తీశారు. ఎంజైము చుక్కలు నిమిషానికి సుమారు 300 నానోమీటర్ల వేగంతో మైక్రోట్యూబ్యూల్స్ వెంటే పోతున్నాయి. ఎల్బీ నగర్ మెట్రోలాగా. నడిపే శక్తి పట్టాలది కాదు, సెల్యులోజ్ పోగు గట్టిపడుతూ వెనక్కి తన్నడం వల్ల ఎంజైము ముందుకి పోతుందని అనుకుంటున్నారు. పట్టాలు దారి చూపిస్తాయి, అంతే. ఈ వీడియో తీసింది అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కలో, నాచులో కాదు. కానీ నేలమీది మొక్కలకీ కారా జాతికీ పూర్వీకులు ఒకరే కాబట్టి ఆ చుట్టరికం ఇక్కడ పనికొస్తుంది. పట్టాలు తీసేసినా ఎంజైము కొంతకాలం వరుస తప్పకుండా పోగలదని కూడా అందులోనే తేలింది. అంటే దారి చూపేది మైక్రోట్యూబ్యూల్ ఒక్కటే కాదు.

ఇంకో అందమైన మెలిక ఉంది. ఆ పట్టాలకి అడ్డంగా పరుచుకోమని ఎవరు చెప్తారు? 2008లో అరబిడాప్సిస్ చిగురు మీద చేసిన పరిశోధన ప్రకారం మైక్రోట్యూబ్యూల్స్ స్ట్రెస్ ఎటు ఎక్కువో అటు వరుసకడతాయి. సిలిండర్‌లో స్ట్రెస్ ఎటు ఎక్కువ? హూప్ దిక్కున. అంటే కణాన్ని లావు చెయ్యాలని చూసే బలమే, తనకి ఎక్కడ కట్టు వెయ్యాలో తానే చూపిస్తోంది. కంట్రోల్ సిస్టమ్స్ వాళ్ళు నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే నేను అడ్డు చెప్పను.

మైక్రోట్యూబ్యూల్స్ గురించే చెప్తూ యాక్టిన్‌ని వదిలేస్తే అన్యాయం. కారా కొస కొమ్మల్లో చివరి కణాల చుట్టూ కప్పు ఉండదు, అద్దంలా ఉంటాయి. ఫోల్డ్‌స్కోప్‌లో అక్కడ చూడండి. లోపల పదార్థం నదిలా పారుతుంటుంది. ఒకవైపు పైకి, రెండోవైపు కిందికి, ఆగకుండా. దీన్ని మొదటిసారి 1774లో ఇటలీలో బొనవెంతూరా కోర్తి చూశాడు. ఎందుకు పారాలి? ఇది కూడా లెక్కే. చక్కెరలాంటి చిన్న అణువు ఐదు సెంటీమీటర్ల కణంలో ఈ కొస నుంచి ఆ కొసకి ఉత్త డిఫ్యూజన్‌తో పోవాలంటే దాదాపు రెండు వారాలు. ఆ ప్రవాహం వేగం సెకనుకి 60 మైక్రాన్లనుకుంటే పద్నాలుగు నిమిషాలు. దిల్‌సుఖ్‌నగర్ జనంలో తోసుకుంటూ పోవడానికీ పైన మెట్రోలో పోవడానికీ ఉన్నంత తేడా కాదిది, దానికి ఎన్నో రెట్లు. కణం సెంటీమీటర్ల పొడవు పెరగాలంటే నడికట్లు ఒక్కటే చాలవు. సరుకు కొస దాకా చేరాలి కూడా. ఆ రవాణా పని యాక్టిన్ చూసుకుంటుంది. గోడకి దగ్గరగా యాక్టిన్ తాళ్ళు కణం పొడవునా పరిచి ఉంటాయి. వాటి మీద మయోసిన్ అనే మోటారు ప్రోటీన్ నడుస్తుంది. మన కండరాల్లో ఉండేది ఇదే కుటుంబం. కారా మయోసిన్ ఇప్పటిదాకా కొలిచినవాటిలో అత్యంత వేగమైన వాటిలో ఒకటి.

1983లో షీట్జ్, స్పుడిచ్ ఒక నైటెల్లా కణాన్ని కోసి పరిచారు. లోపలి యాక్టిన్ తాళ్ళు బయటపడ్డాయి. వాటి మీద కండరం మయోసిన్ పూసిన చిన్న పూసలు వదిలారు. పూసలు తాళ్ళ వెంట నడుచుకుంటూ పోయాయి. జంతువు మోటారు, నాచు రోడ్డు. మోటారు ప్రోటీన్ల నడకను కణం బయట కళ్ళారా చూసి కొలవడానికి దారి వేసిన ప్రయోగమిది. 2012లో ఈ ఇద్దరికీ, వీళ్ళతో పాటు కైనెసిన్ అనే ఇంకో మోటారుని కనిపెట్టిన వేల్‌కీ కలిపి లాస్కర్ బహుమతి ఇచ్చారు.

ఇదంతా చదివి నాచులన్నీ ఇలాగే అనుకోకండి, నేను మొదట అలాగే అనుకున్నాను. మైక్రాస్టీరియస్ అని నక్షత్రంలా అంచులు చీలిన నాచు ఉంది. అది రెండుగా విడిపోయాక ప్రతి సగమూ కొత్త సగాన్ని ముగ్గులా చెక్కుకుంటుంది. అక్కడ మైక్రోట్యూబ్యూల్స్‌ని కరిగించినా ముగ్గు వస్తుంది. యాక్టిన్‌ని ఆపితే రాదు. క్లామిడోమోనాస్ గోడలో అసలు సెల్యులోజే లేదు, ప్రోటీన్ గోడ అది. మైక్రోట్యూబ్యూల్స్ అక్కడ ఎక్కువగా కనిపించేది ఈదే తోకల్లో. దానికి రెండు తోకలు. 1969లో ఒక తోకను తెంపి చూశారు. తెగినది మళ్ళీ పెరుగుతుంటే, తెగని తోక తనంతట తాను పొట్టిదైంది. రెండూ సమానమయ్యాక కలిసి పెరిగాయి. ఆ తోకల్లో సరుకు మోసే ఏర్పాటులో లోపం వస్తే ఏమవుతుందో వెతుకుతూ పోతే, 2000లో అది ఎలుకల్లో కిడ్నీ తిత్తుల జబ్బు దగ్గర తేలింది. అది వేరే వ్యాసానికి సరిపడేంత కథ.

ఇప్పుడు మా నాయిన దగ్గరికి వస్తాను. మాకు వరితో పాటు రెండెకరాల పత్తి కూడా ఉంది. పత్తి పెట్టిన ఒకటి రెండు రోజుల్లో, నేల తడిమీద, కలుపు మొలవకుండా పెండిమిథాలిన్ కొడతారు. మన ఊళ్ళల్లో ఈ మందు పేరు తెలియని పత్తి రైతు ఉండడు. దాని డబ్బా మీద రాసింది చిన్నప్పటినుంచీ చూస్తున్నా, అది ఏం చేస్తుందో ఎప్పుడూ అడగలేదు. ఈమధ్య చదివితే ఒళ్ళు ఝల్లుమంది. పెండిమిథాలిన్ మొక్కల ట్యూబ్యులిన్‌కి అంటుకుంటుంది. ఇటుకలు గొట్టంగా చేరకుండా ఆపుతుంది. కలుపు విత్తనం మొలకెత్తినా వేరు కొస పొడవు సాగదు, ఉబ్బి గదలా తయారవుతుంది. విభజన ఆగుతుంది, దిక్కూ పోతుంది. 1962లో గ్రీన్ నైటెల్లాకి చేసినది మా నాయిన ప్రతి వానాకాలం కలుపుకి చేస్తున్నాడు. ఈ జాతి మందులు మొక్కల, నాచుల ట్యూబ్యులిన్‌కి అంటుకున్నంతగా మన ట్యూబ్యులిన్‌కి అంటుకోవు. అలాగని నీళ్ళలో కలిపేస్తే ఏం కాదనుకోవద్దు, చేపలకి అది విషం.

మనుషుల ట్యూబ్యులిన్‌ని పట్టుకునేవి వేరే ఉన్నాయి. గ్రీన్ వాడిన కాల్చిసిన్ మన అడవినాభి దుంపలోనూ గింజలోనూ ఉంటుంది. వానాకాలం కంచెల మీద మంటలాంటి పూలు పూసే తీగ. గౌట్ నొప్పులకి డాక్టర్లు ఇచ్చేది ఆ పదార్థమే, మోతాదు మించితే ప్రాణం తీసేదీ అదే. దుంప జోలికి వెళ్ళకండి. ఇక బిళ్ళగన్నేరు. మన్సూరాబాద్‌లో ఏ ఇంటి గేటు పక్కన చూసినా ఉంటుంది. దాన్నుంచి తీసే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ కూడా మైక్రోట్యూబ్యూల్స్‌ని విప్పేస్తాయి. విభజన జరగనివ్వవు కాబట్టి క్యాన్సర్‌కి వాడతారు. మా చిన్నమ్మకి రెండేళ్ళ కింద విన్‌క్రిస్టిన్ ఎక్కించారు. గడ్డలు తగ్గాయి. కానీ వేళ్ళ కొసలు మొద్దుబారాయి. జాకెట్టు హుక్కు పెట్టుకోలేక మా చెల్లిని పిలిచేది. "చెయ్యి నాదే, వేళ్ళు నావి కానట్టున్నయి" అనేది. అప్పుడు ఎవరికీ కారణం అడగాలని తోచలేదు. నరం కూడా కారాలాంటిదే, ఒకే కణం చాలా పొడవున సాగి ఉంటుంది. వెన్ను దగ్గర తయారైన సరుకు వేలి కొసదాకా పోవాల్సింది మైక్రోట్యూబ్యూల్ పట్టాల మీదే. పట్టాలు విప్పితే అన్నిటికన్నా ముందు తెలిసేది చివరి స్టేషన్లకే. ఇప్పుడు చాలావరకు నయం, హుక్కులు తనే పెట్టుకుంటోంది.

ఈ మందులకి లొంగని కలుపు కూడా వచ్చింది. అమెరికా పత్తి చేలల్లో రాగికి దగ్గరి చుట్టమైన ఒక గడ్డి పెండిమిథాలిన్ జాతి మందులకి చావడం మానేసింది. 1998లో కారణం దొరికింది. దాని ఆల్ఫా ట్యూబ్యులిన్‌లో 239వ స్థానంలో థ్రియోనిన్ ఉండాల్సినచోట ఐసోల్యూసిన్ వచ్చి కూర్చుంది. ఒక్క ఇటుకలో ఒక్క అక్షరం మారితే మందు పట్టు జారిపోయింది. ప్రయోగశాలల్లో క్లామిడోమోనాస్ కూడా ఇలాగే, దాని బీటా ట్యూబ్యులిన్‌లో చిన్న మార్పుతో కాల్చిసిన్‌ని తట్టుకుంది. మా నాయినకి ఇది చెప్పాను. "అందుకే ఒక్క మందే ఏటేటా కొట్టొద్దంటరు గదరా వ్యవసాయపోల్లు" అన్నాడు. ఆయనకి ట్యూబ్యులిన్ తెలీదు. నాకు పత్తి తెలీదు.

చివరగా నా ప్రయోగం సంగతి. ఊరినుంచి తెచ్చిన కారాని రెండు సీసాల్లో పెట్టి, ఒకదాంట్లో బాగా పలచన చేసిన పెండిమిథాలిన్ కలిపి, కొత్త గణుపులు ఉబ్బుతాయేమో చూద్దామనుకున్నా. స్కేలు, నోట్‌బుక్, తేదీలు, అన్నీ సిద్ధం. సీసాల్ని రూమ్ కిటికీలో పెట్టాను. పడమటి కిటికీ. మే నెల. మూడోరోజు సాయంత్రానికి మందు వేసిన సీసా, వెయ్యని సీసా, రెంటిలోనూ కారా ఉడికిన తోటకూరలా అయిపోయింది. కంట్రోల్ శాంపిల్ కూడా చచ్చాక ఇక కొలిచేదేముంది? మళ్ళీ ఊరికి ఫోన్ చేశాను.

"నాయినా, ఇంకో సీసెడు నాచు కావాలె."

"వరి కోసినం గదరా, మడి ఎండింది. నాట్లప్పుడు రా, బిందెడు ఇస్త."